పాపికొండల నుంచి ధవళేశ్వరం దాకా ఇంటిగ్రేషన్

కొంతమందికి భయమేస్తే నోరు పెగలదు. జయపాల్ గారికి భయమేస్తే నోరు ఆగదండి. చీకట్లో నడుస్తూ గట్టిగా పాటలు పాడుకునే వాళ్ళుంటారు చూడండి, ఆ బాపతు మనిషి. కాకపోతే ఈయనకి పాట రాదు, అందుకని కోతలు కోస్తారు.

ఆ సోమవారం పొద్దున్న కడియం బస్టాపు పక్కన జ్ఞానమ్మ టీ బడ్డీ ముందు జయపాల్ గారు నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో వాళ్ళావిడ రెబెక్కా కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. పదింటికి రాజమండ్రిలో పరీక్ష ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా జేబులో పెన్నులున్నాయో లేదో తడుముకుంటున్నారు.

సంగతేంటంటే, ఆయన ఓ ప్రైవేటు కాలేజీ ఫిజిక్సు ల్యాబ్‌లో అసిస్టెంటు. పిల్లలు ప్రయోగాలు చేసి వెళ్ళిపోయాక వైర్లు చుట్టడం, లెన్సులు తుడవడం, బీరువాకి తాళం వెయ్యడం. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ అదే పని. నలభై దాటాక పట్టుదల పుట్టి ఎమ్మెస్సీ ఫిజిక్సుకి దరఖాస్తు పెడితే సీటొచ్చింది. వచ్చింది కానీ ఓ మెలిక ఉంది. చదువు వదిలేసి చాలా ఏళ్ళైన వాళ్ళకి కాలిక్యులస్ గుర్తుందో లేదో ముందో పరీక్ష పెడతారు. నెగ్గితే క్లాసులో కూర్చోవచ్చు, తప్పితే సీటు వెనకాల వరసలో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. వచ్చే ఏడాదికి ఈయన వయసు దాటిపోతుంది. అంటే ఇక రిటైరయ్యే దాకా వైర్లు చుట్టుకోవడమే.

అందుకని ఓ నెల్నుంచీ వంటింటి గట్టు దగ్గర కూర్చుని, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు రూబీ దగ్గర పాఠం చెప్పించుకుంటున్నారు. డిఫరెన్సియేషన్ తుప్పు తొందరగానే వదిలింది. ఇంటిగ్రేషనే ఆయన ప్రాణం తీసింది. లెక్కంతా పొల్లుపోకుండా చేసి, చివర్లో 'ప్లస్ C' వెయ్యడం మర్చిపోతారు. ఆ C అంటే ఎంతో తెలియని ఓ అంకె. లెక్క తోకకి అదెప్పుడూ ఉండాలని ఆయన అనుకుంటారు, వెయ్యకపోతే మార్కు పోతుంది. "నాన్నా, C" అని రూబీ అనడం, ఈయన నాలిక్కరుచుకోవడం. చివరికి నిద్రలో కూడా ఎవరో వెనకనుంచి "C, C" అంటున్నట్టు ఉలిక్కిపడి లేవడం మొదలైంది.

ఇది చాలదన్నట్టు నిన్న ఆదివారం చర్చిలో ఇంకో ఘనకార్యం చేశారండి. దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండని పాస్టర్ గారు అనగానే ఈయన లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. భయం లేపేసింది. "కాలిక్యులస్ పరీక్షలో దేవుడు నాకు గొప్ప జయమిచ్చాడు" అనేశారు. చర్చంతా "స్తోత్రం" అంది. రెబెక్కా మొహం తెల్లబోయింది. రాయని పరీక్షకి సాక్ష్యం చెప్పేశాక ఇప్పుడు తప్పితే ఎలా? ఊళ్ళో తలెత్తుకోవడం సంగతి దేవుడెరుగు, ఆ దేవుడికే మొహం ఎలా చూపించాలి?

ఇదీ ఆయన కడుపులో ఉన్నది. బయటికి మాత్రం టీ గ్లాసు పట్టుకుని దర్జాగా నిలబడ్డారు.

"వందనాలన్నయ్యా!" అన్నాడు లారీ డ్రైవరు సామ్యేలు, బెంచీ మీద జరిగి చోటిస్తూ. అతనిదీ అదే చర్చి. మొక్కల లోడు కట్టించుకుని బయల్దేరబోతూ టీకి ఆగాడు. "నిన్న మీ సాక్ష్యం విన్నాక మా ఇంట్లో అంతా ఇదే మాటండి. ఇంతకీ ఆ లెక్కల్ని ఎలా లొంగదీశారు?"

పక్కనే నర్సరీ వెంకటరాజు గారు పేపరు మడిచారు. "ఆయ్, మాకూ చెప్పండి జయపాల్ గారూ. మేం చర్చికి రాకపోతిమి కదండి."

అడక్కూడని మాట అడిగారు. అదే సమయానికి రామచంద్రపురం వైపు నుంచి రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకేస్తున్నాడు. జయపాల్ గారు బస్సు మెట్టు చూశారు. ఆ మెట్టెక్కితే అది తిన్నగా పరీక్ష హాల్లో దింపేస్తుందనిపించింది.

"మీకు పనేమైనా ఉందేమో బాబూ, బస్సొచ్చింది" అంది జ్ఞానమ్మ, స్టవ్వు మీద పాలు కలుపుతూ.

"రద్దీగా ఉంది పిన్నీ, తర్వాతది చూద్దాం" అని బెంచీ మీద కూర్చున్నారాయన. "చెప్పేదేముంది సామ్యేలూ, పెద్ద విషయమేం కాదు. రాజుగారి నర్సరీలో, ఆ మందారాల వరస పక్కన గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఇన్నేళ్ళ తుప్పు కదా, మొదటి రోజు కాస్త కిర్రుమంది. రెండోరోజుకి పుస్తకంలో లెక్కలన్నీ అయిపోయాయి. మూడోరోజు చేద్దామంటే లెక్కల్లేవు! ఏం చెయ్యను? ఎదురుగా రాజుగారి కొబ్బరి మొక్క కనపడింది."

"ఏ మొక్కండి?" అన్నారు వెంకటరాజు గారు.

"అదేనండి, కరెంటు తీగ కింద ఉందే. అది ఎంత వేగంగా పెరుగుతోందో డిఫరెన్సియేషన్ చేసి చూశాను. చూస్తే గుండాగిపోయింది! ఫలానా రోజు, ఫలానా గంటకి దాని మొవ్వు తీగకి తగులుతుందని తేలింది. పరుగెత్తుకెళ్ళి లైన్‌మన్‌కి చెప్పాను. నవ్వాడు. సరిగ్గా ఆ గంట ముందు అనుమానమొచ్చి తీగ పక్కకి జరిపాడు కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఈపాటికి కడియం కడియమంతా బూడిదే."

"ఆయ్, మా పక్కన అంత ముప్పు తప్పిందని మాకే తెలియదండి" అన్నారు వెంకటరాజు గారు చాలా మర్యాదగా. "ఆ మొక్కని మొన్ననే పశువు తినేసిందండి."

"ఎందుకు తినేసింది? మొక్క బెదిరి పెరగడం ఆపేసింది, అందుకని పశువుకి అందింది. సరే, అది చిన్న విషయం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ కబురు రావులపాలెం వెళ్ళిపోయింది. అరటి మార్కెట్టు వాళ్ళు కారేసుకొచ్చారు. 'మేస్టారూ, మా కాటాలు అబద్ధమాడుతున్నాయి, మీరొచ్చి గెలల బరువు చెప్పాలి' అన్నారు. వెళ్ళాను. గెలని ఇలా కంటితో చూడ్డం, మనసులో కాగితమంత పల్చటి చక్రాలుగా తరగడం, అన్నీ కలిపి ఇంటిగ్రేట్ చెయ్యడం. గ్రాముతో సహా చెప్పేస్తున్నాను. ఓ గెల దగ్గర కాటాకీ నాకూ వెంట్రుకవాసి తేడా వచ్చింది. అందరూ నన్ను అదోలా చూశారు. 'ఆగండి, దాని మీద ఈగ వాలింది' అన్నాను. ఈగ లేచిపోయింది. కాటా నా లెక్కకి దిగింది!"

సామ్యేలు తొడ చరిచాడు. "తస్సాదియ్యా!"

రెండో బస్సు వచ్చింది. ఇందులో జనమే లేరు, కిటికీ పక్కన సీట్లు ఖాళీగా కనపడుతున్నాయి. జ్ఞానమ్మ గరిటె పట్టుకుని ఈయన వంకే చూస్తోంది. జయపాల్ గారు బస్సుకి వీపు పెట్టి తిరిగి కూర్చున్నారు. చెమట మెడ మీదుగా కాలర్లోకి దిగుతోంది. కథ ఆపితే లేవాలి, లేస్తే ఎక్కాలి. ఇక కథే ఆయన్ని పట్టుకుని ఉంచింది.

"అదంతా ఆటండి, అసలుది ముందుంది. అరటిగెల చూసినాయన వరదని చూడలేడా అని పైవాళ్ళకి తోచింది. మొన్న గోదారి పొంగినప్పుడు పోలవరం నుంచి జీపొచ్చింది. నన్ను కూర్చోబెట్టుకుని ఒకటే పోనివ్వడం. వెళ్ళి చూద్దును కదా, ఓర్నాయనో! కంప్యూటర్లన్నీ చేతులెత్తేశాయి. పెద్ద పెద్ద ఇంజినీర్లు గొడుగుల కింద ఏడుస్తున్నారు. నీళ్ళు ఇంతెత్తున లేచి వస్తున్నాయి."

"వరదప్పుడాండి?" అన్నారు వెంకటరాజు గారు. "అప్పుడు మీరు మా నర్సరీలో జలుబుతో ముక్కు చీదుకుంటూ కనపడ్డారండి. పోన్లెండి, మీలాంటివాళ్ళు ఇంకెవరో అయ్యుంటారు."

"వెళ్ళేముందు చీదుకున్నాను రాజుగారూ! వినండి. చాక్‌పీసు తెమ్మన్నాను. చాక్‌పీసు చాలదు, సున్నం బస్తాలు తెమ్మన్నాను. కొండ మీద ఇంటిగ్రల్ గుర్తు గీశాను, తాడిచెట్టంత. మామిడికాయలు కోసే దోటి కొక్కెం ఉంటుంది చూడండి, అచ్చు అలాగే ఉంటుందా గుర్తు. ఆ కొక్కేనికి గోదారిని తగిలించాను. ఊరికే తగిలిస్తే ఆగుతుందా? లిమిట్స్ పెట్టాలి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని చెప్పాలి. కింద పాపికొండలు అని రాశాను, పైన ధవళేశ్వరం అని రాశాను. అంతే! ఆ రెంటి మధ్యా నీళ్ళు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. గట్టు లేదు, గోడ లేదు. ఎదురీదే పులస చేపలు ధవళేశ్వరం లిమిటు దగ్గరకొచ్చి ఆగిపోయి, ముందుకెళ్ళాలా వెనక్కెళ్ళాలా అని నా వంక చూస్తున్నాయండి."

"పాపం" అంది జ్ఞానమ్మ, పులసల మీద జాలిపడి. స్టవ్వు మీద పాలు పొంగబోతే ఉలిక్కిపడి దింపింది.

కథ పోలవరంలో ఉన్నప్పుడే వెనకాల ఓ సైకిలు వచ్చి ఆగింది. జయపాల్ గారు చూసుకోలేదు. ఆయన ఇప్పుడు బడ్డీ దగ్గర లేరు, వరద మధ్యలో ఉన్నారు. సంతోషంగా ముగించెయ్యాల్సిన చోట ఎందుకో కథ ఆగలేదు. నోరు దానంతటది వెళ్ళిపోతోంది.

"అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా సామ్యేలూ?" ఆయన గొంతు తగ్గింది. "వెనకనుంచి పిలుపొచ్చింది. 'మేస్టారూ, నన్ను మర్చిపోయారు' అని."

"ఎవరన్నయ్యా?"

"C."

సామ్యేలు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ప్లస్ C వెయ్యలేదు నేను. అంత గుర్తూ గీసి, చివర్లో దాన్ని మర్చిపోయాను. తిరిగి చూస్తే నిలబడ్డ గోదారి వెనకాల ఇంకో నల్లటి నీళ్ళ గోడ. అదెంతో తెలియదు. గ్లాసుడో, సముద్రమో చెప్పలేం. ఎంతో తెలిస్తే భయమెందుకు, ఆనకట్ట కట్టుకుంటాం. తెలియదు! అదే దాని దుర్మార్గం. నేను నడిస్తే అదీ నడుస్తోంది. పరుగెత్తితే పరుగెత్తుతోంది. బొబ్బర్లంక వచ్చాను, అక్కడా నా వెనకే. ఆత్రేయపురం వచ్చాను. పూతరేకులు చేసే ఆడవాళ్ళు కుండలు వదిలేసి పారిపోయారు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. తలుపు కిందనుంచి తడి లోపలికొస్తోంది. పాదాలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి. ఇన్నాళ్ళూ చదివిందంతా ఒక్కటీ గుర్తు రావట్లేదు. మెడదాకా వచ్చేసింది. రెబెక్కా అవతల గదిలోంచి పిలుస్తోంది, నాకు గొంతు పెగలట్లేదు..."

నిజంగానే పెగల్లేదు. వింటున్నవాళ్ళకి నవ్వాలో వద్దో తెలియలేదు. ఇంతసేపూ కోత అని తెలిసే విన్నారు కానీ, ఈ చివరి ముక్క కోతలా లేదు.

"నాన్నా" అంది వెనకనుంచి రూబీ.

జయపాల్ గారు అదిరిపడ్డారు. కాలేజీ బ్యాగు తగిలించుకుని, సైకిలు హ్యాండిలు పట్టుకుని కూతురు నిలబడి ఉంది. "నువ్వు బస్సెక్కావో లేదో చూసి వెళ్ళమంది అమ్మ. పోలవరం దగ్గర్నుంచీ వింటున్నా. నాకో డౌటు."

"ఏంటే?"

"లిమిట్స్ పెట్టావుగా. పాపికొండలు, ధవళేశ్వరం. మరి C ఎలా వచ్చింది?"

"ఎలా వచ్చిందంటే... ఇంటిగ్రేషన్ కదా, వస్తుంది."

"లిమిట్స్ ఉంటే రాదు నాన్నా. పై లిమిటుకి కట్టినదాంట్లోంచి కింద లిమిటుకి కట్టింది తీసేస్తాం కదా. పైదాంట్లో C ఉంది, కిందదాంట్లోనూ అదే C ఉంది. తీసేస్తే ఏమవుతుంది? నువ్వు లిమిట్స్ ఉన్న లెక్కల్లో కూడా దానికోసం వెతుక్కుంటూ కూర్చుంటున్నావు, అందుకే లేటవుతోంది."

జయపాల్ గారు ముందుకి వంగారు. బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి ఏదో గీశారు, కొట్టేశారు, మళ్ళీ గీశారు.

సామ్యేలు వంగి చూశాడు. "అంటే మా కాటా లాగన్నమాట అన్నయ్యా. ధాన్యం తోలేటప్పుడు లోడుతో బండిని తూస్తాం, దింపాక ఖాళీ బండిని తూస్తాం. తీసేస్తే ధాన్యం బరువొస్తుంది. బండి ఎంత బరువైతే ఎవడిక్కావాలి?"

"పోయింది" అన్నారు జయపాల్ గారు బల్ల వంక చూస్తూ. "రూబీ, అది పోయిందే!"

"పోతుంది నాన్నా. నిన్న కూడా చెప్పాను, నువ్వు వినలేదు."

"ఆయ్, అలాగైతే మిమ్మల్ని తరిమిందేంటండి ఆత్రేయపురం దాకా?" అన్నారు వెంకటరాజు గారు.

జయపాల్ గారు బల్ల మీది గీతల్ని అరచేత్తో తుడిచేశారు.

"మరి పరీక్ష అయిపోయిందన్నారు కదన్నయ్యా?" సామ్యేలు అయోమయంగా అడిగాడు. "జయమిచ్చాడని నిన్న..."

"పరీక్ష ఇవాళ. పదింటికి" అంది జ్ఞానమ్మ. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "రెబెక్కమ్మ తెల్లారగానే వచ్చి చెప్పింది నాకు. 'ఆయన కథ మొదలెడితే బస్సెక్కరు పిన్నీ, కాస్త చూడు' అంది. రెండు బస్సులు వదిలేశారు బాబూ మీరు. మాటలు పాపికొండలు దాటాయి, కాలు మాత్రం నా బడ్డీ దాటలేదు. రెండోసారి మెడపట్టి ఎక్కిద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆ గెల మీది ఈగొచ్చి నా బుర్ర తినేసింది!"

జయపాల్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "సాక్ష్యం చెప్పేశాను కదా పిన్నీ. ఇప్పుడు తప్పితే?"

"సాక్ష్యమంటే జరిగాక చెప్పేది. జరక్కముందు చెప్పేదాన్ని ప్రార్థన అంటారు. మీరు వరస తిప్పేశారు, అంతే."

"ప్రార్థన చెయ్యమనాలంటే భయపడుతున్నానని చెప్పాలిగా" అన్నారాయన. "నాకు చాలా భయంగా ఉంది పిన్నీ. నెల్నుంచీ అన్నం సయించట్లేదు. ఆ వైర్లు చుట్టుకుంటూనే పోతానేమోనని భయం."

ఎవరూ నవ్వలేదు. వెంకటరాజు గారు కూడా పేపరు పక్కన పెట్టేశారు. రూబీ దగ్గరకొచ్చి నాన్న చేతిలోంచి టీ గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మాట నిన్న అని ఉంటే చర్చంతా మోకాళ్ళేసి ప్రార్థన చేసేది" అంది జ్ఞానమ్మ. "ఇప్పుడన్నారు, ఇప్పుడు చేస్తాను. మీరు లేవండి ముందు."

"ఇప్పుడు బస్సేదీ?" జయపాల్ గారు కంగారుగా రోడ్డు వంక చూశారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఇంతసేపూ బస్సు రాకూడదని కోరుకున్న మనిషి, ఇప్పుడు బస్సు లేదని వణికిపోయారు.

"నా బండి లేదూ?" సామ్యేలు అప్పటికే తాళాలు తీశాడు. "మోరంపూడి సెంటర్లో దింపుతాను, అక్కడ ఆటో ఎక్కేద్దురు. రండన్నయ్యా, టైముంది."

వెంకటరాజు గారు డబ్బా అందిస్తే, సామ్యేలు చెయ్యిచ్చి లాగితే, రూబీ వెనకనుంచి తోస్తే జయపాల్ గారు లారీ క్యాబిన్లోకి ఎక్కారు. వెనకాల లోడులో మందార మొక్కలన్నీ ఊగాయి. ఇంజను అందుకుంది.

"ఆయ్, జయపాల్ గారూ!" కేకేశారు వెంకటరాజు గారు. "మరి గోదారినలా నిలబెట్టేసి వెళ్ళిపోతున్నారేంటండి? పులసలు ఆగిపోయున్నాయి!"

"సాయంత్రం వచ్చి వదిలేస్తానండి!" అన్నారు జయపాల్ గారు, అలవాటు కొద్దీ. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. బండి కదిలింది. రూబీ సైకిలు తిప్పుకోబోతుంటే, కిటికీలోంచి తల మళ్ళీ బయటికొచ్చింది. మొహంలో నవ్వు పోయింది, కళ్ళు పెద్దవయ్యాయి.

"రూబీ! లిమిట్స్ ఇవ్వకపోతే?"

"ప్లస్ C వెయ్యి నాన్నా!"

"అదెంతో తెలియదు కదే!"

"తెలియక్కర్లేదు నాన్నా! వేసేసి తర్వాత లెక్కకి వెళ్ళిపో!" అని రూబీ అరిచింది. బడ్డీ లోపల జ్ఞానమ్మ అప్పటికే స్టవ్వు కట్టేసి, ప్రార్థనకి తలమీద కొంగు వేసుకుంది.